జేబులో పట్టే మాగ్నమ్: మీకు తెలుసా?

గాంధీజీ తుపాకి లైసెన్సులు అడిగారని మీకు తెలుసా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, పెన్న నది ఒడ్డున, పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడిదే. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. తొలిరోజుల్లో ఆమె మొగ్గింది అతివాద మార్గం వైపు. ఆ పనుల కోసం కొన్న భూమినే తర్వాత ఆశ్రమానికి ఇచ్చేశారని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు.

ఆశ్రమం వెలసిన తొమ్మిదేళ్లకు, 1930 జనవరిలో, గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్ ముందు పదకొండు కోరికలు పెట్టారు. ఉప్పు పన్ను రద్దు చేయాలన్నది వాటిలో ఒకటి. మన పాఠ్యపుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి. చిట్టచివరి కోరిక ఏమిటంటే, ఆత్మరక్షణ కోసం జనానికి తుపాకి లైసెన్సులు ఇవ్వాలి, ఆ లైసెన్సుల మీద అదుపు ప్రజల చేతిలో ఉండాలి.

దీని వెనక 1878 నాటి ఆయుధాల చట్టం ఉంది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన ఆ చట్టం ప్రకారం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్‌కు మినహాయింపు. దేశం మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆ పనిని గాంధీజీ 1918లోనే చాలా తీవ్రమైన మాటలతో తప్పుపట్టారు. చేతగాక ఊరుకోవడం అహింస కాదన్నది ఆయన నమ్మకం. ఆయుధం పట్టగల స్తోమత ఉండి, వద్దనుకున్నవాడిదే అహింస. తుపాకి గురించి ఏం మాట్లాడుకున్నా మనం ఇక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయం. ఎందుకంటే లైసెన్సు ఇవ్వాలి, అదుపూ ఉండాలి అన్న రెండు మాటలనూ ఆయన ఒకే వాక్యంలో పెట్టారు.

మన దేశంలో తుపాకిని కప్పి ఉంచి తిరగడమే చట్టం

అమెరికాలో చాలాకాలం, చాలా రాష్ట్రాల్లో, తుపాకిని బట్టల కింద దాచుకుని తిరగాలంటే ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. మన దగ్గర వ్యవహారం వేరు. ఆయుధం కలిగి ఉండటానికే లైసెన్సు కావాలి. అది చేతికి వచ్చాక, 2016 ఆయుధ నియమాల ప్రకారం, బహిరంగ ప్రదేశంలో తుపాకి పైకి కనబడకూడదు. రివాల్వర్ అయితే దానికోసం చేసిన తొడుగులో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండాలి. దాన్ని బయటికి తీసి ఊపినా, ఊరికే గాల్లోకి పేల్చినా నేరం.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడం ఉత్తరాదిన ఎన్నో ప్రాణాలు తీసింది. 2019 చట్టసవరణ దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది. అదే సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

లైసెన్సు కోసం వెళ్లేది జిల్లా కలెక్టరు కార్యాలయానికి. ఇందుకూరుపేట వాసికి అది నెల్లూరు. 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ ఉంటుంది. ఆయుధం వాడకం, భద్రత గురించి శిక్షణ పొంది ఉండాలి. ఇంట్లో దాన్ని తాళం వేసి భద్రపరిచే ఏర్పాటు చూపించాలి. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఎన్నికల ప్రకటన వెలువడితే, అధికారులు అడిగినవాళ్లు ఆయుధం పోలీస్ స్టేషన్‌లో జమ చేసి రసీదు తీసుకోవాలి.

కర్ణాటకలోని కొడవలకు మాత్రం పూర్వం నుంచీ లైసెన్సు అక్కర్లేని మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది.

సైన్యం తూటా పట్టే తుపాకి సామాన్యుడికి రాదు

మన చట్టం ఆయుధాల్ని నిషిద్ధ బోరు, నిషేధం లేని బోరు అని విడదీస్తుంది. గొట్టం లోపలి కొలతే బోరు. ఈ విభజన చూసి చాలామంది పెద్ద తుపాకి నిషిద్ధం, చిన్నది కాదు అనుకుంటారు. అసలు సూత్రం అది కాదు. సైన్యం, పోలీసులు వాడే తూటా ఏ తుపాకిలో పడుతుందో అదే నిషిద్ధం. 9 ఎంఎం పిస్తోలు, .455, .380 రివాల్వర్లు, .303 రైఫిలు ఈ లెక్కలోకే వస్తాయి. ప్రభుత్వ మందుగుండు దారి తప్పి ప్రైవేటు చేతుల్లో పేలకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. వలస పాలకుల భయం నుంచి పుట్టిన నియమమే అయినా ఇప్పటికీ నిలిచి ఉంది.

అందువల్లే మన దేశంలో లైసెన్సుదారు చేతిలో ఎక్కువగా కనబడేది .32 రివాల్వర్. దాని తూటా పుట్టింది 1896లో. న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉన్న థియొడోర్ రూజ్వెల్ట్ ఆ ఏడాదే తన పోలీసులకు దాన్ని ఇప్పించాడు. అమెరికా దాన్ని ఎప్పుడో పక్కన పెట్టింది, మనకు మాత్రం ఈనాటికీ అదే గతి అని విసుక్కునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. .32 తూటా మెత్తగా పేలుతుంది, గురి చక్కగా కుదురుతుంది. అంతర్జాతీయ 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీల్లో మేటి షూటర్లు దశాబ్దాలుగా వాడుతున్నది ఈ తూటానే.

నిర్భీక్, నిడర్, ప్రబల్: ముగ్గురు స్వదేశీ అన్నదమ్ములు

2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ అనే తేలిక రివాల్వర్ తెచ్చింది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, మహిళల కోసం అంటూ, ఆ పేరు పెట్టారు. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమలోహం, బరువు సుమారు 525 గ్రాములు. ధర మాత్రం అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. రాత్రి షిఫ్టు ముగించుకుని బస్టాండులో నిలబడే ఆడపిల్ల ఆ ధర పెట్టలేదు. పెట్టినా లైసెన్సు కోసం నెలల తరబడి తిరగాలి. ఆ రోజుల్లో మహిళా సంఘాలు చేసిన విమర్శ నూటికి నూరుపాళ్లు సబబు. వీధి దీపం, పోలీసు గస్తీ, రాత్రి బస్సు ఇవ్వాల్సినవాళ్లు రివాల్వర్ చూపించడం జవాబు కాదు.

ఆ తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ‘నిడర్’ వచ్చింది. .22 బోరు, బరువు దాదాపు పావుకిలో. 2023 ఆగస్టులో కాన్పూరు నుంచే ‘ప్రబల్’ వచ్చింది. మళ్లీ .32 బోరు, 76 మిల్లీమీటర్ల గొట్టం, కానీ 700 గ్రాముల బరువు. సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. పాతవాటిలా నడుం విరిచి తూటాలు పెట్టే పని లేదు. దీన్ని చేసిన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా, 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసినప్పుడు ఏర్పడిన ఏడు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి.

విదేశీ రివాల్వర్ల దిగుమతి సామాన్య లైసెన్సుదారుకు 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అందుకే ఇక్కడ చేతులు మారే విదేశీ తుపాకులు చాలావరకు అంతకు ముందు వచ్చినవి, లేదా కస్టమ్స్ వాళ్లు పట్టుకుని తర్వాత అమ్మినవి. అమెరికాలో మామూలు ఉద్యోగి ఒక నెల జీతంలో కొంత పెట్టి కొనే వస్తువుకు ఇక్కడ లక్షలు పోయాలి.

మాగ్నమ్ అంటే తుపాకి పరిమాణం కాదు, తూటాలో మందు

సినిమాల పుణ్యమా అని మాగ్నమ్ అంటే మూర పొడవు తుపాకి గుర్తొస్తుంది. నిజానికి అది తూటాకు చెందిన మాట. 1935లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కంపెనీలు కలిసి .357 మాగ్నమ్ తూటాను బయటికి తెచ్చాయి. పెద్ద వైన్ సీసాకు ఉన్న పేరునే తూటాకు పెట్టారు. అప్పటికే వాడుకలో ఉన్న .38 స్పెషల్ తూటా డొల్లను మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన పొడిగించి, ఎక్కువ ఒత్తిడితో మందు కూరారు. కావాలనే పొడవు పెంచారు. ఆ కొత్త తూటా పాత, బలహీనమైన .38 రివాల్వర్లలో పట్టి వాటిని పేల్చేయకూడదని.

దీనివల్ల ఒక సౌకర్యం వచ్చింది. .38 రివాల్వర్లో .357 పట్టదు గానీ .357 రివాల్వర్లో .38 నిక్షేపంగా పడుతుంది. అంటే మాగ్నమ్ రివాల్వర్ కొన్నవాడు అభ్యాసానికి మెత్తటి తూటా, అవసరానికి గట్టి తూటా వాడుకోవచ్చు. పొట్టి తూటాలు ఎక్కువగా కాల్చాక సిలిండర్ గదుల్లో మసి వలయం కడుతుంది. దాన్ని బ్రష్షుతో తోమకపోతే పొడుగు తూటా సరిగా దూరదు. అలవాటున్నవాళ్లు షూటింగ్ రేంజ్ నుంచి రాగానే చేసే మొదటి పని ఇదే.

తేలిక తుపాకి ఎక్కువ తన్నుతుంది

కొనేవాళ్లలో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. రోజంతా నడుముకో జేబులోనో పెట్టుకుని తిరగాలి కనుక ఎంత తేలికైతే అంత మేలు అనుకుంటారు. దుకాణంలో చేతికిస్తే 340 గ్రాముల రివాల్వర్ ముద్దొస్తుంది. స్కాండియం కలిపిన అల్యూమినియం మిశ్రమంతో స్మిత్ అండ్ వెసన్ 2000 తర్వాత అలాంటివి తెచ్చింది. పేల్చాక తెలుస్తుంది అసలు సంగతి.

లెక్క చూద్దాం. .357లో గుండు బరువు సుమారు 8 గ్రాములు. పొట్టి గొట్టం నుంచి సెకనుకు దాదాపు 370 మీటర్ల వేగంతో పోతుంది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ఆ ఊపు అంతా వెనక్కి కూడా రావాలి. తుపాకి కిలో బరువుంటే సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. 340 గ్రాములే ఉంటే దాదాపు 9 మీటర్ల వేగంతో వస్తుంది. మందు వాయువుల తోపు ఇందులో కలపలేదు, అది అదనం. అరచేతికి తగిలే శక్తి బరువు తగ్గినకొద్దీ పెరుగుతుంది కనుక మూడో వంతు బరువున్న తుపాకి దాదాపు మూడు రెట్లు గట్టిగా తన్నుతుంది. బొటనవేలి మొదలు కమిలిపోవడం, చర్మం చిట్లడం, రెండో గుండు ఎక్కడికి పోయిందో తెలియకపోవడం ఈ లెక్క ఫలితమే.

అంతటితో అయిపోలేదు. తుపాకి ఒక్కసారిగా వెనక్కి గుంజినప్పుడు సిలిండర్లో మిగిలిన తూటాల డొల్లలు దాంతోపాటు వెనక్కి వస్తాయి. గుండ్లు మాత్రం బరువు వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. అలా ఒక గుండు డొల్ల నుంచి కొంచెం బయటికి జారిందంటే సిలిండర్ తిరగదు. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో తుపాకి బిగుసుకుపోతుంది. ఇక టైటానియం సిలిండర్ త్వరగా అరిగిపోకుండా, ఆ అతి తేలిక మోడళ్ల గొట్టం మీదే 120 గ్రెయిన్ల కంటే తేలిక గుండ్లు వాడవద్దని చెక్కి అమ్ముతారు.

ఈ తన్ను వల్లే అనుభవజ్ఞులు చాలామంది బరువైన దాన్నే ఎంచుకుంటారు. 1989లో వచ్చిన రూగర్ ఎస్‌పీ101 మొత్తం ఉక్కే, దాదాపు ముప్పావు కిలో బరువు. 2016లో వచ్చిన కింబర్ కె6ఎస్ ఆరు వందల గ్రాముల పైచిలుకు. ఆ చిన్న ఒంట్లోనే ఆరు తూటాలు పట్టించడం దాని ప్రత్యేకత. మిగతా చిన్న రివాల్వర్లలో ఎక్కువ భాగం ఐదు తూటాలతోనే సరిపెడతాయి. సిలిండర్ లావు తగ్గితేనే బట్టల కింద ఉబ్బెత్తుగా కనబడదు కనుక ఒక తూటా వదులుకున్నారు. 1950లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ ఈనాటి ఐదు తూటాల .38 రివాల్వర్లకు మూలపురుషుడు.

నా తీర్పు అడిగితే, అరకిలోకి తక్కువ బరువున్న రివాల్వర్లో పూర్తి మాగ్నమ్ తూటా వేసుకోవడం తెలివైన పని కాదు. ఎంతోమంది చివరికి అందులో .38 వేసుకునే తిరుగుతున్నారు. అలాంటప్పుడు మాగ్నమ్‌కు డబ్బు ఎందుకు పోయాలి?

రెండంగుళాల గొట్టం కొంత మందును బయట తగలబెడుతుంది

మాగ్నమ్ తూటాలో మందు నెమ్మదిగా, ఎక్కువసేపు మండేలా తయారు చేస్తారు. పొడుగు గొట్టంలో గుండు ప్రయాణించినంతసేపూ అది తోస్తూనే ఉండాలి. రెండంగుళాల గొట్టంలో గుండు ముందే వెళ్లిపోతుంది, మండని మందు మూతి దగ్గర మంటై లేస్తుంది. వేగం తగ్గుతుంది, చీకట్లో కళ్లు బైర్లు కమ్ముతాయి.

చప్పుడు ఇంకా ఘోరం. ఒక్క పేలుడు 140 డెసిబెల్స్ దాటితే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చని వైద్యులు హద్దు పెట్టారు. .357 మాగ్నమ్ 160 దాటుతుంది. అదీ నాలుగు గోడల మధ్య, కారు లోపల అయితే చెప్పక్కర్లేదు. రేంజ్‌లో చెవులకు మూతలు లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు.

సుత్తి కనబడని రివాల్వర్ ఎందుకు పుట్టింది?

జేబులోంచి లాగేటప్పుడు వెనకనున్న సుత్తి కొన బట్టకు తగులుకుంటుంది. 1952లో స్మిత్ అండ్ వెసన్ తన నూరేళ్ల పండుగకు సుత్తిని పూర్తిగా లోపలికి దాచేసిన సెంటెనియల్ మోడల్ తెచ్చింది. ఇలాంటివాటిలో ట్రిగ్గర్ ఒక్కటే దారి. దాన్ని పొడుగ్గా, నాలుగైదు కిలోల బలంతో లాగాలి. రివాల్వర్లకు మామూలుగా విడిగా భద్రతా మీట ఉండదు, ఈ గట్టి ట్రిగ్గరే ఆ పని చేస్తుంది. వేలి బలం తక్కువున్న పెద్దవాళ్లకు ఇది ఇబ్బంది. కొనక ముందే ఖాళీ రివాల్వర్ని దుకాణదారు అనుమతితో పదిసార్లు లాగి చూస్తే తెలిసిపోతుంది.

పాత రివాల్వర్ల విషయంలో ఒక హెచ్చరిక. సుత్తికి, తూటాకు మధ్య అడ్డుపడే కడ్డీ లేని పాతకాలపు మోడళ్లు కింద పడితే పేలవచ్చు. తాతల నాటి తుపాకి ఇంట్లో ఉంటే అది ఏ రకమో తెలిసినవాడికి చూపించే దాకా అందులో తూటా పెట్టవద్దు.

జేబులో పెట్టుకునేవాళ్లకు నియమం ఒక్కటే. ఆ జేబులో రివాల్వర్, దాని తొడుగు తప్ప ఇంకేమీ ఉండకూడదు. తాళంచెవి ట్రిగ్గర్ సందులో దూరితే చాలు, తొడకు గుండు దిగుతుంది. తొడుగు ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. చేతిసంచిలో పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. సంచిని కుర్చీకి తగిలించి లేచిపోతాం, ఇంట్లో పసిపిల్లల చెయ్యి మొదట పడేది దాని మీదే.

ఉప్పుగాలికి నల్ల రివాల్వర్ నిలవదు

మైపాడు తీరం ఇందుకూరుపేట మండలంలోనిదే. ఆ గాలి తగిలే ఊళ్లలో కిటికీ ఊచలు, సైకిల్ గొలుసులు, రొయ్యల చెరువుల దగ్గరి మోటార్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒంటికి ఆనించి మోసే రివాల్వర్‌కు సముద్రపు ఉప్పుతోపాటు చెమట ఉప్పు కూడా తోడవుతుంది. నల్లగా మెరిసే పాత పద్ధతి ఉక్కు రివాల్వర్ని మే నెలలో నడుముకు కట్టుకుని తిరిగితే సాయంత్రానికే ఎర్ర చుక్కలు లేస్తాయి.

ఈ బాధ అమెరికా దక్షిణ తీరాల వాళ్లకూ ఉంది. 1965లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60 వచ్చింది, ప్రపంచంలో స్టెయిన్‌లెస్ స్టీలుతో పెద్దయెత్తున చేసిన తొలి రివాల్వర్ అదే. పోలీసులు ఎగబడి కొన్నారు. స్టెయిన్‌లెస్ అంటే అసలు తుప్పే పట్టదని కాదు, ఆలస్యంగా పడుతుంది. స్క్రూలు, స్ప్రింగులు మామూలు ఉక్కువైతే అవి ముందుగా పోతాయి.

తోలు తొడుగు విషయంలో మన ఇళ్లలో ఒక పొరపాటు తరతరాలుగా నడుస్తోంది. రివాల్వర్ని తోలు సంచిలోనే ఉంచి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తోలు పదును చేసేటప్పుడు వాడిన లవణాలు అందులోనే ఉంటాయి, అది తేమను పీల్చి పట్టుకుంటుంది. అలా నెలల తరబడి ఉంచితే తుపాకిని మనమే తుప్పుకు అప్పగించినట్టు. తొడుగు వేరే, తుపాకి వేరే. పలచగా నూనె పూసిన గుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా పొట్లం పక్కన పెట్టి, తాళం వేయాలి. తూటాలు ఇంకో అరలో, ఇంకో తాళం కింద.

బట్టల సంగతీ ఉంది. అమెరికా పుస్తకాల్లో రాసే దాచే పద్ధతులన్నీ కోటు, జాకెట్ తొడుక్కునే చలిదేశానికి సరిపోతాయి. పలచని నూలు చొక్కా చెమటకు ఒంటికి అతుక్కునే ఊళ్లో రివాల్వర్ ఆకారం బయటపడకుండా ఉండదు. ఇక్కడ నిబంధన ప్రకారం కప్పి ఉంచాలంటే వదులైన చొక్కా, గట్టి బెల్టు, సన్నని సిలిండర్ మూడూ ఉండాలి.

వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి ముట్టుకోవడమే అమెరికాలో నేరం

నెల్లూరు జిల్లాలో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు తక్కువేం కాదు. ఈ ముక్క వాళ్ల కోసం.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండిన, చట్టప్రకారం అర్హత ఉన్న మనిషి ప్రత్యేక పర్మిట్ లేకుండానే చేతి తుపాకి వెంట ఉంచుకోవచ్చు. 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, ఇంటి బయట ఆత్మరక్షణకు తుపాకి మోసే హక్కు రాజ్యాంగం ఇచ్చినదేనని తీర్పు చెప్పింది. ఇవి విని, డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో చదువుకునే కుర్రవాడు తనకూ ఆ హక్కు ఉందనుకుంటాడు. లేదు. చదువు వీసా, హెచ్1బీ, హెచ్4, సందర్శక వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. రాష్ట్ర చట్టం ఎంత సడలినా ఇది మారదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిని లాయరును అడిగి తెలుసుకోవాలి తప్ప స్నేహితుణ్ని కాదు. దుకాణంలో నింపే ఫారం 4473లో వీసా గురించి సూటిగా ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. సరదాకి రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకి కాల్చినా నిషేధం వర్తిస్తుంది. జైలు ఒక ఎత్తు, చదువు పోయి దేశం నుంచి పంపించేయడం ఇంకో ఎత్తు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ అడ్డు లేదు.

తుపాకి శుభ్రం చేస్తూ ప్రాణం పోగొట్టుకున్న తెలుగు విద్యార్థి వార్త 2024 చివర్లో మనమంతా చదివాం. శుభ్రం చేసేటప్పుడు తూటాలు పక్క గదిలో ఉండాలి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి ప్రతి గదీ వేలితో తడిమి చూడాలి. ఒక్కసారి కాదు, రెండుసార్లు.

పౌరులైన మనవాళ్లకు ఇంకో జాగ్రత్త. రేంజ్‌కు తీసుకెళ్లిన సంచినే ప్రయాణానికి సర్దితే మూలన ఒక తూటా ఉండిపోవచ్చు. మన విమానాశ్రయాల్లో ఆ ఒక్క తూటాకే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకుని బయటపడినవాళ్లు ఉన్నారు. కానీ ఇంటికి రాక ముందే సెలవంతా కోర్టు చుట్టూ గడిచిపోతుంది.

ఆత్మరక్షణకు కూడా కొలత ఉంది

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవే. పాత శిక్షాస్మృతిలో అవి 96 నుంచి 106 దాకా ఉండేవి. రెండింటిలోనూ మూలసూత్రం ఒకటే. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. పారిపోతున్న దొంగను వెనక నుంచి కాల్చినవాడు ఆత్మరక్షణ అని తప్పించుకోలేడు. ఇటుకగోడ లేని ఇళ్లు, పలచని తలుపులు ఉన్న వీధిలో .357 గుండు తగలాల్సినవాడిని దాటి పక్కింట్లోకి పోగలదు. ఆ గుండు ఎవరికి తగిలినా జవాబు చెప్పాల్సింది కాల్చినవాడే. తూటా బలం ఎంచుకునేటప్పుడు దాని వెనక ఏముంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తాత పోయాక తుపాకి ఎవరిది?

పెన్న డెల్టా ఊళ్లలోని పాత ఇళ్లలో పెద్దల కాలం నాటి జంట గొట్టాల తుపాకులు, అరుదుగా రివాల్వర్లు, ఇంకా కనబడతాయి. తండ్రి పోతే పొలం పాసుపుస్తకం మార్చుకోవడానికి తిరుగుతారు గానీ బీరువాలో ఉన్న ఆయుధం సంగతి ఎవరికీ గుర్తు రాదు. లైసెన్సుదారు చనిపోయిన రోజు నుంచి ఆ తుపాకి ఇంట్లో ఉన్నవాళ్లకు చట్టప్రకారం సొంతం కాదు. లైసెన్సు లేని ఆయుధం కిందే లెక్క. వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుడు కావాలంటే తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడికి అప్పగించే వీలు 2016 నియమాల్లో ఉంది. ఇంట్లో పెద్దాయన దగ్గర తుపాకి ఉన్నవాళ్లు ఈ పని ఆయన ఓపికగా సంతకం పెట్టగలిగినప్పుడే కలెక్టరు కార్యాలయానికి వెళ్లి పూర్తి చేసుకోండి.